పెద్దసారు బడిలో ఉండేదెన్నడు?

జనగామ: పాత వరంగల్ జిల్లాను విడదీసి 2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలను ఏర్పాటు చేశారు. కలెక్టరు కచేరి ప్రజలకు దగ్గరైంది. ప్రధానోపాధ్యాయుడు మాత్రం తన బడికి దూరమవుతున్నారు.

ఇది ఆయన బద్ధకం వల్ల కాదు. మండల విద్యాధికారి పోస్టులను ఏళ్ల తరబడి పూర్తిస్థాయిలో భర్తీ చేయలేదు. 2024లో కూడా రాష్ట్రంలో చాలా మండలాల్లో ఆ బాధ్యతను ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయులకే అదనంగా అప్పగించారు. మండలంలోని బడుల లెక్కలు, పుస్తకాల పంపిణీ, సమావేశాలు ఆయన నెత్తిన పడ్డాయి. పలిమెల వంటి మారుమూల మండలం నుంచి జిల్లా కేంద్రానికి వెళ్లి వస్తే ఆ రోజు గడిచినట్లే.

ప్రధానోపాధ్యాయుడి అసలు పని హాజరుపట్టీలో సంతకం కాదు. తరగతిలో వెనుక బల్లపై కూర్చుని పాఠం వినాలి. లెక్కల సారు సెలవు పెడితే ఆ పీరియడు ఎవరు తీసుకోవాలో ఉదయమే తేల్చాలి. ఆరో తరగతికి వచ్చినా చదవడం రాని పిల్లలెవరో గుర్తించాలి. పత్తి ఏరే రోజుల్లో బడి మానిన పిల్ల ఇంటికి కబురు పంపాలి. ఇన్‌చార్జితో ఇవన్నీ జరిగేవి కావు. తోటి ఉపాధ్యాయుడి పాఠం బాగాలేదని చెప్పే ధైర్యం ఆయనకెక్కడిది?

2024లో ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు మహిళా గ్రామైక్య సంఘం అధ్యక్షురాలే అధ్యక్షురాలు. ప్రధానోపాధ్యాయుడు సభ్య కన్వీనరు. తాగునీరు, మరుగుదొడ్లు, మరమ్మతులతో సరిపెట్టుకోకుండా తల్లులు అక్కడ చదువు సంగతీ అడగవచ్చు. మండలానికి వేరే విద్యాధికారిని నియమించాలని తీర్మానించి కలెక్టరుకు పంపవచ్చు. గత నెలలో పెద్దసారు ఎన్ని రోజులు బడిలో ఉన్నారో అందులో మొదటే రాయాలి.