బుడగలతో స్కానింగ్

ఒక సహోదరి వ్రాసిన ఉత్తరం ఈ నెల మా ముందున్నది. ఆమె భర్తకు అరువది ఆరేళ్లు. రక్తపరీక్షలో పి.ఎస్.ఎ. ఎక్కువగా ఉన్నదని ప్రోస్టేట్ గ్రంథిలో పన్నెండు చోట్ల సూది గ్రుచ్చి ముక్కలు తీశారట. క్యాన్సర్ లేదన్నారు. ఆరు నెలలకు పి.ఎస్.ఎ. మరల పెరిగింది. ఇంకోసారి గ్రుచ్చించుకోనని, ఈ సంగతి పిల్లలకు చెప్పవద్దని ఆయన పట్టుబట్టి కూర్చున్నారు. విదేశంలో ఉన్న బంధువొకరు, "బుడగల మందు ఎక్కించి స్కాన్ చేస్తే సూదుల పని లేదు" అన్నారట. నిజమేనా అని ఆమె అడుగుతున్నారు.

సగం నిజం.

ప్రోస్టేట్ మూత్రాశయం క్రింద ఉసిరికాయంత ఉండే గ్రంథి. మామూలు అల్ట్రాసౌండ్‌లో క్యాన్సర్ గడ్డ చాలాసార్లు చుట్టూ ఉన్న కండలాగే కనబడుతుంది. అందుకే వైద్యులు అన్ని వైపుల నుండి కొంచెం కొంచెం ముక్కలు తీస్తారు. పొలంలో పన్నెండు చోట్ల మన్ను తీసినా ఒక మూల నున్న చౌడు మచ్చ తప్పిపోవచ్చు గదా! ఇదీ అంతే. పి.ఎస్.ఎ. సంగతి వేరు. వయసుతో గ్రంథి ఉబ్బినా, వాపు చేసినా అది పెరుగుతుంది. కాబట్టి ఆయనకు క్యాన్సరే అని ఇప్పుడే అనుకోనక్కరలేదు.

బుడగల సంగతికి వద్దాం. క్యాన్సర్ గడ్డ పెరగడానికి తన కోసం క్రొత్త రక్తనాళాలను మొలిపించుకుంటుంది. చేతి నరంలోకి ఎక్కించే ఈ మందులో ఎర్ర రక్తకణం కంటె చిన్నవైన వాయు బుడగలుంటాయి. ధ్వని తరంగం తగలగానే అవి ఉబ్బుతూ ముడుచుకుంటూ గట్టిగా ప్రతిధ్వనిస్తాయి. రక్తం ఎక్కువగా పారే చోటు తెరమీద మెరుస్తుంది. కొద్ది నిమిషాలలో ఆ వాయువు ఊపిరితో బయటికి పోతుంది. ఇందులో అయోడిన్ లేదు, మూత్రపిండాలకు భారం కాదు. గుండె, ఊపిరితిత్తుల జబ్బు తీవ్రంగా ఉన్నవారు మాత్రం ముందే చెప్పాలి.

ఆస్ట్రియా వైద్యులు 2002లో ప్రకటించిన పరిశీలనలో 230 మందికి రెండు విధాలా ముక్కలు తీశారు. మెరిసిన చోట అయిదు ముక్కలలోపే తీసి 56 మందిలో, మామూలుగా పది ముక్కలు తీసి 52 మందిలో క్యాన్సర్ కనుగొన్నారు. రెండూ కలిపితే 69 మంది! అంటే ఏ ఒక్క పద్ధతీ అందరినీ పట్టలేదు. పైగా వాపు ఉన్న చోటు కూడ మెరుస్తుంది. మెరుపు చూసి క్యాన్సర్ అని తేల్చరు. ముక్క తీయవలసిందే. బంధువుగారు మరచినది ఇదే.

మేమైతే మొదట ఎమ్.ఆర్.ఐ. గూర్చి అడగమంటాము. 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో 500 మందిని రెండు జట్లు చేశారు. ఎమ్.ఆర్.ఐ. చూసి, అనుమానమున్న చోటనే గ్రుచ్చిన జట్టులో నూటికి 38 మందికి, మామూలు పద్ధతిలో 26 మందికి చికిత్స అవసరమయ్యే రకం క్యాన్సర్ బయటపడింది. ఎమ్.ఆర్.ఐ. తీయడానికి వీలులేని వారికి బుడగల స్కాన్ అక్కరకు రావచ్చు, అది చేయడంలో అనుభవమున్న వైద్యుడు దొరికితే.

ఆయన సూదికి భయపడటం తప్పు కాదు. పురీషనాళం గుండా గ్రుచ్చినప్పుడు సూక్ష్మజీవులు లోపలికి చేరవచ్చు. తరువాత చలి జ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

పిల్లలకు చెప్పవద్దన్న మాటలో మాత్రం మేము ఆయన పక్షం కాదు. తండ్రికి ఈ క్యాన్సర్ ఉంటే కొడుకులకు వచ్చే అవకాశం పెరుగుతుంది. అమ్మా, పెద్దబ్బాయిని వెంట రమ్మనండి. పాత పి.ఎస్.ఎ. కాగితాలన్నీ తేదీల వరుసన పెట్టి, మొదటి బయాప్సీ రిపోర్టుతో సహా తీసుకువెళ్లండి.