రాళ్ల చదువంటే ఎందుకంత చులకన?

డైనోసార్లు ఎలా పోయాయని అడిగితే ఐదో తరగతి పిల్లలు కూడా ఆకాశం నుంచి పెద్ద రాయి పడిందని టక్కున చెబుతారు. 1980లో ఆ మాటను ఆధారాలతో లోకం ముందు పెట్టిన నలుగురిలో జియాలజిస్టు వాల్టర్ అల్వారెజ్. ఆయన 1962లో డిగ్రీ పుచ్చుకున్నది మిన్నెసోటాలో నార్త్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్లోని కార్ల్‌టన్ కాలేజీలో. ఏళ్ల తరబడి ఇదే రాష్ట్రంలో ఉంటున్న మన తెలుగువాళ్లలో ఎంతమందికి ఆ పేరు తెలుసు? తెలిసినా, అలాంటి చోట జియాలజీ చదువుతానని ఇంట్లో పిల్ల అంటే ఎంతమంది సరేనంటారు? నా బాధంతా ఇదే.

మా మేనకోడలు అలాంటి ఒక చిన్న కాలేజీలోనే జియాలజీ తీసుకుంది. అప్పట్నుంచి పెళ్లిళ్లలో, ఉగాది సభల్లో మా చెల్లెలికి ఒకటే పరామర్శ. "కంప్యూటర్స్‌లో సీటు రాలేదా వదినా?" "రాళ్లు కొట్టడానికి అంత డబ్బు పోయాలా అమ్మా?" అడిగేవాళ్ల మనసులో చెడు లేకపోవచ్చు. కానీ ఆ పిల్ల పక్కనే నిలబడి అన్నీ వింటోంది.

ఆ చదువులో ఏముందో చెప్పనివ్వండి. కార్ల్‌టన్‌నే తీసుకుంటే, ఉన్నది సుమారు రెండు వేల మంది, అందరూ డిగ్రీ విద్యార్థులే. పీహెచ్‌డీ చేసేవాళ్లు లేరు కనుక ప్రొఫెసరు పరిశోధనలో చెయ్యి వేసేది ఈ పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లలే. టర్మ్ పది వారాలే. మధ్యాహ్నం ల్యాబ్ అంటే వాగు గట్టుకో, రోడ్డు కోసం కొండను కోసిన చోటికో పోవడం. చేతిలో సుత్తి, మెడలో లెన్స్, నడుముకి బ్రంటన్ కంపాస్, సంచిలో పలచని యాసిడ్ సీసా. రాయి మీద ఓ చుక్క వేస్తే బుసబుస పొంగిందా, అది సున్నపురాయి. పొర ఏ దిక్కుకి సాగింది, ఎన్ని డిగ్రీలు వాలింది, కొలిచి నోటుబుక్కులో రాసుకోవాలి. పేరు చెప్పెయ్యమంటే ప్రొఫెసరు చెప్పరు. "నీకేం కనిపిస్తోంది?" అని ఎదురడుగుతారు. కనిపించిందేదో నోరు తెరిచి చెప్పాలి, ఎందుకలా అనుకున్నావంటే నిలబడి వాదించాలి. ఇంతకంటే పెద్ద చదువు నాకు తెలీదు.

ఆ ప్రాంతపు సున్నపురాళ్లలో 45 కోట్ల ఏళ్ల నాటి సముద్రజీవుల శిలాజాలు దొరుకుతాయి. చలికాలమంతా మంచులో కూరుకుపోయే ఈ నేల అప్పుడు భూమధ్యరేఖకు దక్షిణాన, లోతులేని వెచ్చటి సముద్రం. ఇదే రాష్ట్రంలో మోర్టన్ దగ్గరికి వెళితే దాదాపు 350 కోట్ల ఏళ్ల నైస్ శిల మీద చెయ్యి ఆనించొచ్చు. అలా దూరం వెళ్లినప్పుడు రాత్రికి టెంట్ల దగ్గర అందరూ కలిసి వండుకోవడం, అంట్లు తోముకోవడం. ఆఖరేడు ఎవరికి వాళ్లు సొంత పరిశోధన చేసి చూపించాలి. ఒక్క కాలేజీ బలం చాలదని 1987లో కొన్ని చిన్న కాలేజీలు కెక్ జియాలజీ కన్సార్టియంగా ఏర్పడి, డిగ్రీ పిల్లల్ని కలిపి పరిశోధనకి పంపసాగాయి.

కార్ల్‌టన్‌లో ఈ విభాగాన్ని 1930లలో మొదలుపెట్టిన లారెన్స్ గూల్డ్, బర్డ్ అంటార్కిటికా యాత్రలో ఉపనాయకుడు. 1929లో కుక్కలు లాగే బండ్లతో క్వీన్ మాడ్ పర్వతాల దాకా వెళ్లి అక్కడి శిలలు పరిశీలించిన మనిషి. ఆయనకి చిన్న ఊరి పిల్లలకు పాఠం చెప్పడం తక్కువ పనిగా తోచలేదు. మనకే తోస్తోంది.

ఫీజు ఎక్కువన్నది నిజమే, కాదనను. ఇలాంటి కాలేజీలు చాలావరకు కుటుంబ ఆదాయాన్ని చూసి సాయం చేస్తాయి, ముందు ఆ సంగతి కనుక్కోండి. ఇక ఉద్యోగాలంటారా? ఆగ్నేయ మిన్నెసోటాలో నేలంతా సున్నపురాతి పగుళ్లు. పొలాల్లో చల్లిన ఎరువు ఆ పగుళ్లలోంచి దిగి బావుల్లో నైట్రేటుగా తేలుతోంది. పిల్లలకు పాలు కలిపే నీళ్లవి. ఆ నీటి దారి కనిపెట్టేది ఎవరు? మన చేతుల్లో ఫోన్లకి రాగి, లిథియం ఎక్కడుందో వెతికేది ఎవరు?

నాకు మరీ కష్టం కలిగించే సంగతి ఇంకొకటుంది. డైనోసార్ల వినాశనంలో దక్కన్ అగ్నిపర్వతాల పాత్ర ఎంతన్నది ఇంకా తెగని వాదం. ఆ వాదానికి సాక్ష్యాలు మన రాజమండ్రి పక్కనే ఉన్నాయి. గౌరీపట్నం, దుద్దుకూరు వైపు కంకర కోసం పేల్చే నల్లరాయి ఆనాటి లావాయే. పడమటి దక్కన్ నుంచి నదీలోయల వెంట దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఆ లావా పొరల నడుమ శిలాజాలున్న సున్నపురాయి ఉంది. ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ గెర్టా కెల్లర్ మన శాస్త్రజ్ఞులతో కలిసి ఆ క్వారీల్లో పరిశోధించారు. ఆ గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన మనం, రాళ్లలో ఏముంటుందని పిల్లల్ని అడుగుతున్నాం.

తెలుగు సంఘాల పెద్దలకు చేతులు జోడించి అడుగుతున్నాను. ఏటా సభల్లో మెడిసిన్, కంప్యూటర్ల పిల్లల్ని వేదిక మీదికి పిలిచి శాలువాలు కప్పుతారు, సంతోషం. వాళ్ల పక్కన ఈ పిల్లలకీ చోటివ్వండి. మైకు చేతికిచ్చి, వేసవిలో ఎక్కడికి వెళ్లారో, అక్కడ ఏం చూశారో చెప్పనివ్వండి. మా మేనకోడలిని నేనే తీసుకొస్తాను.