జవాబు చెప్పకముందే ఓడిపోతున్నారు

నిజామాబాద్ కంఠేశ్వర్ గల్లీల్లో కోర్టు అమీను కనబడితే తలుపులు మూసుకుంటాయి. సమన్ల కాయితం తీసుకోకపోతే కేసే లేనట్టని జనం నమ్మకం. ఆ నమ్మకమే ఇండ్లు ముంచుతోంది. తీసుకోం అంటే అమీను దాన్ని తలుపుకు అంటించి పోతాడు, కోర్టు దాన్ని అందినట్టే లెక్కేస్తుంది. దుబాయిలో ఉన్న కొడుకు మీద వేసిన దావా కాయితాలు ఇక్కడ వేలిముద్ర వేసే తల్లి చేతిలో పడతాయి. విదేశంలో ఉంటున్నవాడికి సమన్లు అక్కడికే పంపాలని సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉంది. ఆ సంగతి కోర్టులో లేచి అడిగేదెవరు?

అందిన రోజు నుంచి 30 రోజుల్లో జవాబు దావా వేయాలి. కోర్టు దయతలిస్తే 90 రోజులు. ఆ రోజులన్నీ కాయితం బీరువాలో చీరల కింద ఉంటుంది. సిగ్గు, భయం, పక్కింటివాళ్లకు తెలుస్తుందన్న బాధ. పేషీ నాడు ఎవరూ రారు, ఎక్స్‌పార్టీ అంటారు, డిక్రీ అయిపోతుంది. అప్పు ఎంతో, ఎంత కట్టారో, ఆ ప్రామిసరీ నోటు ఎట్లా పుట్టిందో ఒక్క ప్రశ్న కూడా పడకుండా! దీన్ని న్యాయం అనమంటారా?

ఆ నోట్ల కథ ఈ జిల్లాలో ఎవరికి తెలియదు? వీసాకో, ఆస్పత్రికో, బిడ్డ పెండ్లికో పైసలు కావాలి. నెలకు నూటికి మూడు రూపాయల మిత్తి, అంటే ఏడాదికి 36. రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టించుకుంటారు, అంకెల చోటు ఖాళీగా వదిలేస్తారు, తోడుగా ఖాళీ చెక్కొకటి. కట్టిన మిత్తికి రసీదు ఉండదు. గొడవ వచ్చిన రోజు ఆ ఖాళీలో ఎంత రాసుకుంటే అంత. మూడేండ్లు దాటితే దావా చెల్లదు కదా అంటే, నోటు వెనక వెయ్యి రూపాయలు కట్టినట్టు ఎప్పుడూ పెట్టని సంతకంతో ఓ చెల్లు పుట్టుకొస్తుంది.

వీటన్నిటికీ చట్టంలో జవాబుంది. నా గుండె మండేది అందుకే. సంతకం నాది కాదంటే అది నీదేనని రుజువు చేసే బాధ్యత దావా వేసినవాడిది. సంతకం నాదే అని ఊరుకుంటే మాత్రం పైసలు తీసుకున్నట్టే కోర్టు అనుకుంటుంది, ఖాళీ నోటని చూపే భారం నీ మీద పడుతుంది. లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చేసేవాడి దావాను అడ్డుకునే చట్టం నిజాం కాలం నుంచే, 1349 ఫస్లీ నుంచే, ఈ నేల మీద ఉంది. కానీ నోరు తెరిచి చెబితేనే కోర్టు వింటుంది. ఆ మాట ముందుగా ఎవరూ చెప్పరు.

బోధన్‌కు పోయి చూడండి. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీకి 2015 డిసెంబర్‌లో లేఆఫ్ అని తాళం పడింది, 2019లో లిక్విడేషన్ ఆర్డర్ వచ్చింది. జీతం ఆగిన కార్మికుడు అప్పు చేయక ఏం చేస్తాడు? వాళ్లకు రావాల్సిన బకాయిలు ఏండ్ల తరబడి ఫైళ్లలో నలిగాయి, వాళ్లు కట్టాల్సిన అప్పుకు మాత్రం నెలలోపు జవాబు కావాలి! ప్రతి ఎన్నికలకూ ఫ్యాక్టరీ తెరిపిస్తామన్నవాళ్లలో ఒక్కరన్నా ఆ ఇండ్లకు ఒక వకీలును పంపించారా?

పంపించాల్సిన పనే లేదు, చట్టమే ఇచ్చింది. 1987 న్యాయ సేవాధికార చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, ఫ్యాక్టరీ కార్మికులకు ఆదాయం ఎంతున్నా ఉచితంగా వకీలు దొరకాలి. బీడీలు చుట్టే ప్రతి అక్కకూ ఆ హక్కుంది. 15100కు ఫోన్ చేయొచ్చు. మరి ఆ నంబరు సమన్ల మీద పెద్దక్షరాల తెలుగులో ఎందుకుండదు? "దాచిపెట్టకండి, ఫలానా తేదీలోపు రండి, వకీలును మేమిస్తాం" అని మూడు ముక్కలు అచ్చేయడానికి ఎన్ని లక్షలు కావాలి? వెంట వచ్చే దావా ఇంగ్లీషులో. హైకోర్టే 2023లో తెలుగులో తీర్పు ఇవ్వగలిగింది, అప్పు దావా సారాంశం తెలుగులో ఒక్క పేజీ ఇవ్వలేమా?

లోక్ అదాలత్ అయిన సాయంత్రం ఇన్ని కేసులు తీరాయని ప్రకటిస్తారు. ఆ రాజీ మీద అప్పీలు లేదని, చదివించుకోకుండా సంతకం పెట్టొద్దని సంతకానికి ముందు అప్పున్నవాళ్లకు చెప్పినవారెవరు? అప్పు డిక్రీకి ఆడవాళ్లను జైల్లో పెట్టకూడదని చట్టంలోనే ఉందని, కట్టే స్తోమత నిజంగా లేనివాడిని కూడా పెట్టకూడదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పిందని, తాకట్టు పెట్టని అప్పుకు రైతులు, కూలీలు తాముంటున్న ఇల్లు జప్తు చేయకూడదని ఏ గల్లీలో చెప్పారు? జైలు, జప్తు అన్న రెండు మాటలతోనే పుస్తెలతాళ్లు అమ్మిస్తున్నారు.

ఎక్స్‌పార్టీ డిక్రీ అయినా 30 రోజుల్లో రద్దుకు పిటిషన్ వేసుకోవచ్చు; సమన్లు సరిగా అందకపోతే ఆ గడువు డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి లెక్క, అందలేదని చూపితే కేసు మళ్లీ మొదలవుతుంది. జడ్జీలకు తెలుసు, వకీళ్లకు తెలుసు, అధికారులకు తెలుసు. తెలియనిది కంఠేశ్వర్‌లో తలుపు మూసుకున్న ఆ ఇంటికే. పేషీకి ముందే ఆ తలుపు తట్టి చెప్పే పని తెలిసినవాళ్లది కాకపోతే ఎవరిది?