అద్దె బల్ల మీద సొంత పత్రిక

తమిళనాడులోని హోసూరు బస్టాండు నుంచి నడిచిపోగలిగేంత దూరంలో ఒక మేడ ఉంది. కింద మందుల షాపు, పైన కోవర్కింగ్ అని బోర్డు పెట్టిన ఉమ్మడి ఆఫీసు. నెలకింతని కడితే ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక ప్లగ్గు పాయింటు మనవవుతాయి. ఇంటర్నెట్టు, మంచినీళ్లు, కరెంటు పోతే ఇన్వర్టరు అన్నీ ఆ అద్దెలోనే. కిటికీ పక్కనున్న బల్ల మీద నెలనెలా ఒక చిన్న తెలుగు పత్రిక తయారవుతుంది. ఎర్ర సిరాతో దిద్దిన ప్రూఫులు, ప్రకటనల రసీదు పుస్తకం, చందాదారుల పేర్లు రాసుకున్న పాత డైరీ, కట్టలు కట్టడానికి జనపనార పురికొస. ఎడిటరూ, ప్రకటనలు అడిగి తెచ్చేవాడూ, పోస్టాఫీసుకు కట్టలు మోసేవాడూ అంతా ఒక్కరే. ఆయన నా పాత స్నేహితుడు. పేరు రాయవద్దన్నాడు కాబట్టి రాయడం లేదు.

ఆ గదిలో మిగతావాళ్ల పనులు వేరు. ఒకాయన గులాబీ తోటల వాళ్లకు డ్రిప్పు సామాను అమ్ముతాడు. ఒకాయన జీఎస్టీ లెక్కలు రాస్తాడు. ఇద్దరు ముగ్గురు బెంగళూరు కంపెనీల పని ఇక్కడినుంచే చేస్తారు. రోజూ బెంగళూరు దారిలో అత్తిబెలె దగ్గర ట్రాఫిక్కులో గంటలు పోగొట్టుకోవడం కన్నా బల్ల అద్దె కట్టుకోవడం మేలని వాళ్ల లెక్క.

నేను వెళ్లిన మధ్యాహ్నం నా మిత్రుడు ఒక కథ ప్రూఫు పైకి చదువుతూ దిద్దుకుంటున్నాడు. కళ్లు దాటేసిన తప్పు నోటికి అడ్డం పడుతుందని ఆయన నమ్మకం. కథలో ఒక ముసలామె చేనులో కూలీలకు సంగటి ముద్దలు పంచుతోంది. పక్క కుర్చీలో కంప్యూటరు పని చేసుకుంటున్న అమ్మాయి హెడ్‌ఫోను మెడమీదికి దించుకుని వినసాగింది. రెండు పేజీలయ్యాక, "అన్నా, ఇది అచ్చం మా అవ్వ మాట్లాడినట్టే ఉందే" అంది. ఆయన సంబరపడి, "ఇదో, నువ్వే చదువు తల్లీ" అని కాగితాలు చేతికివ్వబోయాడు. ఆ పిల్ల తీసుకోలేదు. "చదివేకి రాదన్నా. వింటే తెలుస్తుంది" అంది.

ఆ గదిలో అప్పుడు కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఆ అమ్మాయిది కెలమంగలం దగ్గరి పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఇంగ్లీషు, ఆఫీసులో ఇంగ్లీషు, కన్నడం. ఆమె అవ్వకు మాత్రం తెలుగు చదవడం వచ్చు. అవ్వ చదువుకున్న రోజుల్లో ఆ ఊరి బడిలో తెలుగు చెప్పేవాళ్లు. మనవరాలికి ఉద్యోగం వచ్చింది, నాలుగు భాషలు వచ్చాయి, ఇంటి భాష అక్షరాలు మాత్రం రాలేదు. హోసూరు, సూళగిరి, వేపనపల్లి, బాగలూరు, దేన్కనికోట చుట్టుపక్కల ఇలాంటి ఇళ్లు లెక్కలేనన్ని.

ఈ నేలను మొరసునాడు అంటారు. ఇక్కడి తెలుగువాళ్లు ఎక్కడినుంచో వలస వచ్చి చేరినవాళ్లు కారు, తరతరాలుగా ఈ మట్టిలో రాగులు పండించుకుంటున్నవాళ్లు. 1956లో రాష్ట్రాలు భాషలవారీగా విడిపోయినప్పుడు హోసూరు సేలం జిల్లాతో పాటు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. 1965లో ధర్మపురి జిల్లాలోకి, 2004లో కృష్ణగిరి జిల్లాలోకి వచ్చింది. 1980ల్లో అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ వచ్చి ఊరి రూపు మార్చేశాయి. 2006లో తమిళనాడు ప్రభుత్వం బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. ఒకటో తరగతితో మొదలై ఏడాదికొక తరగతి చొప్పున అది పైకి జరిగింది. రాష్ట్ర భాష నేర్చుకోవడం మంచిదే, అందులో పేచీ లేదు. దాని పక్కన ఇంటి భాషకు చోటు ఇరుకైపోయిందన్నదే బాధ. 2024 జూన్‌లో కృష్ణగిరి ఎంపీ కె.గోపీనాథ్ లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేశారు. పార్లమెంటులో వినిపించిన ఆ మాట ఆయన నియోజకవర్గంలో ఎంతమంది పిల్లలకు రాయడం వచ్చునో తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

అలాంటి చోట తెలుగు పత్రికకు పాఠకులను వెతుక్కోవడం ఒక ఎత్తు, పత్రికను పెట్టుకోవడానికి చోటు వెతుక్కోవడం ఇంకో ఎత్తు. సొంత ఆఫీసు, దానిమీద పెద్ద బోర్డు ఉంటేనే పత్రిక అన్న భావం మనలో ఎందుకు పాతుకుపోయిందో గానీ, తెలుగు పత్రికల చరిత్ర వేరే సంగతి చెబుతుంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక పెట్టినప్పుడు దాన్ని నిలబెట్టింది అమృతాంజనం వ్యాపారం. డాక్టర్ కె.ఎన్.కేసరిగారు 1928లో మొదలుపెట్టిన గృహలక్ష్మి ఆయన ఆయుర్వేద మందుల పక్కనే పెరిగింది. 1922లో ఇనుగుర్తి అనే పల్లె నుంచి ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రిక నడిపారు. రాయడం, అచ్చు వేయడం, పంపడం అంతా ఆ అన్నదమ్ముల చేతుల మీదే. ఇల్లే ఆఫీసు, ఊరే ఆఫీసు.

అక్షరాలు చేత్తో పేర్చే కాలంలో మన చిన్న ఊళ్ల ప్రెస్సులు చూసినవాళ్లకు ఇది ఇంకా బాగా తెలుస్తుంది. ఒకే బల్ల మీద పెళ్లి శుభలేఖ, కిరాణా కొట్టు బిల్లు పుస్తకం, స్కూలు ప్రశ్నపత్రం, పక్కనే మాసపత్రిక ఫారం. ముహూర్తాల రోజుల్లో పత్రిక వారం ఆలస్యమయ్యేది, ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. శుభలేఖ ప్రూఫు చూసుకోవడానికి వచ్చిన పెద్దమనిషి కంపోజిటరు పక్కన నిలబడి పత్రికలో ఏముందో అడిగేవాడు. అడిగినవాడు ఒక్కోసారి చందా కట్టేవాడు, ఒక్కోసారి మర్నాడు తనే ఒక పద్యం రాసుకుని తెచ్చేవాడు. ఆఫ్‌సెట్టు వచ్చి, డీటీపీ వచ్చి, ఎడిటరు ఇంట్లో లాప్‌టాప్ ముందు ఒంటరిగా కూర్చున్నాక ఆ రాకపోకలు ఆగిపోయాయి. హోసూరులోని ఆ అద్దె గదిలో అవి మళ్లీ కనబడ్డాయి. మా మిత్రుడు ఇంట్లో కూర్చుని ప్రూఫు చదివి ఉంటే ఆ అమ్మాయి వినేదే కాదు.

డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి. పత్రిక అమ్మకం మీద జీఎస్టీ లేదు. అచ్చు ప్రకటనల చోటు మీద 5 శాతం. కూర్చునే బల్ల అద్దె మీద మాత్రం 18 శాతం. తోతాపురి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, నర్సరీలు, ట్యూషన్ సెంటర్లు, స్థలాలు అమ్మేవాళ్లు ప్రకటనలిస్తారు, కానీ తమిళంలో కూడా నాలుగు ముక్కలు వెయ్యమంటారు. ఆయన వేస్తాడు. పత్రికను రిజిస్టరు చేసుకుంటే తపాలా రాయితీ అడగవచ్చు, అది దొరికితే ప్రతికి అయ్యే తపాలా ఖర్చు రూపాయల నుంచి పైసల్లోకి దిగుతుంది. పత్రికల రిజిస్ట్రేషనుకు 1867 నాటి చట్టం పోయి 2024 మార్చి 1 నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చాక దరఖాస్తు అంతా ఆన్‌లైనే. అయితే రిజిస్ట్రేషనుకు ప్రచురణ స్థలం చిరునామా కావాలి, చోటు మారితే కాగితాలన్నీ సవరించుకోవాలి.

ఇక్కడే అద్దె బల్ల బలహీనత బయటపడుతుంది. ఇంతకు ముందు ఆయన వేరే ఉమ్మడి ఆఫీసులో ఉండేవాడు. ఒక పెద్ద కంపెనీ గది మొత్తం అడిగిందని వారం రోజుల గడువులో ఖాళీ చేయమన్నారు. లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని పోవచ్చు. పాత సంచికల కట్టలను ఎక్కడ పెట్టాలి? తొమ్మిదేళ్ల సంచికలు ఆటోలో వేసుకుని బంధువుల ఇంటికి చేర్చాడు. ఆ వర్షాకాలం అక్కడ మేడ మెట్ల కింద రెండు కట్టలు తడిసి ముద్దయ్యాయి. వాటిలో ఊరి ముసలివాళ్ల దగ్గర కూర్చుని రాసుకున్న సామెతలు, జాతర పాటలు ఉన్నాయి. వాటికి వేరే ప్రతి లేదు. ఈ మాట చెబుతూ ఆయన కిటికీలోంచి చంద్రచూడేశ్వరస్వామి గుట్ట వైపు చాలాసేపు చూశాడు.

చిన్న పత్రిక నడవడానికి బల్ల చాలు, బతకడానికి అలమర కావాలి. బల్లను అద్దెకు తీసుకోవచ్చు. పాత సంచికలకు చోటు ఊరే ఇవ్వాలి. గ్రంథాలయమో, తెలుగు సంఘమో, కాలేజీయో, ఒక వ్యాపారి ఇంటి పైగదో, ఏదైనా సరే. తెలుగు రాష్ట్రాల్లోని గ్రంథాలయాలు, విశ్వవిద్యాలయాలు కూడా హద్దులకు అవతల వెలువడే ఇలాంటి పత్రికలను అడిగి తెప్పించుకుని, స్కాన్ చేసి దాచాలి. పెద్ద ఖర్చేమీ కాదు. మొరసునాటి మాట ఎలా ఉండేదో రేపు తెలుసుకోవాలనుకునేవాళ్లకు ఆ కాగితాలే ఆధారం.

ఆ అమ్మాయి మర్నెల అవ్వ పేరు మీద ఏడాది చందా కట్టింది. మా మిత్రుడు చివరి పేజీలో పెద్ద అక్షరాలతో వారానికి నాలుగు చొప్పున, నెలకు పదహారు అక్షరాలు వేస్తున్నాడు. ఆమె వాటిని భోజనం వేళ రాసి ఆయనకు చూపిస్తోంది. ఒత్తులు ఇంకా మొదలుపెట్టలేదు.

హోసూరు, కృష్ణగిరిలలో ఉమ్మడి ఆఫీసులు నడిపేవారికి ఒక విన్నపం. మీ గదిలో ఒక మూల, గోడకు ఒక అలమర, మీ ఊరి పత్రికకు ఇవ్వండి. అద్దె తగ్గించకపోయినా ఫరవాలేదు. ఖాళీ చేయించాల్సి వస్తే మూడు నెలల ముందు చెప్పండి.