చవక దుంపల సంగతెవరు రాస్తారు?

ప్రతి ఏడూ ఫిబ్రవరి వచ్చేసరికి ఇంగ్లండ్ పత్రికలకి ఒక నవ్వులాట దొరుకుతుంది. చిన్న ఉల్లిపాయంత కూడా లేని దుంపని ఎవరో ఈబేలో వందల పౌండ్లు పోసి కొంటారు. 2012లో ‘ఎలిజబెత్ హారిసన్’ అనే స్నోడ్రాప్ 725 పౌండ్లు పలికింది. 2015లో ‘గోల్డెన్ ఫ్లీస్’ 1,390. 2022లో ‘గోల్డెన్ టియర్స్’ 1,850. వెంటనే 1637 నాటి డచ్చివాళ్ళ ట్యులిప్ పిచ్చిని గుర్తుచేస్తారు, తలనెరిసిన పెద్దమనుషులు మోకాళ్ళ మీద వంగి పువ్వులోకి తొంగిచూస్తున్న ఫొటో ఒకటి వేస్తారు, అయిపోయింది. మనమూ ఆ వార్త షేర్ చేసి “డబ్బెక్కువైతే ఇంతే” అని ఓ నవ్వు ఎమోజీ పడేస్తాం. లాక్‌డౌన్‌లో తెల్లమచ్చల మాన్‌స్టెరా కొమ్మకి వేలు పోసినవాళ్ళం కూడా!

ఆ నవ్వు మీద నాకు అభ్యంతరం ఉంది. 1,850 పౌండ్ల దుంప వల్ల ఏ అడవికీ నష్టం లేదు. అది తోటలో పుట్టింది, తోటలోనే పెరిగింది. ‘గోల్డెన్ ఫ్లీస్’ తయారుచెయ్యడానికి కేంబ్రిడ్జ్ దగ్గర నర్సరీ నడిపే జో షార్మన్‌కి 18 ఏళ్ళు పట్టింది. స్నోడ్రాప్ గింజ వేస్తే పువ్వు చూడ్డానికే మూడు నాలుగేళ్ళు కావాలి. ఆ పువ్వు నచ్చకపోతే మళ్ళీ మొదటికే. నచ్చిందీ అనుకోండి, అప్పుడున్నది ఒక్క దుంప. దాన్ని పెంచాలంటే బ్లేడుతో నిలువునా సన్నటి ముక్కలుగా కోస్తారు. ప్రతి ముక్కకీ అడుగున వేళ్ళు మొలిచే గట్టి భాగం కాస్తయినా అంటుకుని ఉండాలి, లేకపోతే అది కుళ్ళిపోతుంది. తడి వర్మిక్యులైట్ నింపిన సంచిలో చీకట్లో మూడు నెలలు ఉంచితే పొరల మధ్య బియ్యపు గింజంత పిల్లదుంపలు కడతాయి. అవి పూయడానికి ఇంకో మూడు నాలుగేళ్ళు. ఇంత పనికి ఆ ధర ఎక్కువా? ఏ నగల దుకాణంలోనూ తరుగు, మజూరీ గురించి మనం ఇంతలా నవ్వం.

పైగా ఈ పిచ్చివాళ్ళలో దాచుకునే గుణం కన్నా పంచుకునే గుణమే ఎక్కువ. దానికి కారణం కూడా ఉంది. సోమర్సెట్‌లోని షెప్టన్ మాలెట్‌లో జేమ్స్ ఆలెన్ అనే ఆయన స్నోడ్రాప్‌లని కావాలని సంకరం చేసిన తొలితరం మనిషి. 1891లో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ స్నోడ్రాప్‌ల మీదే ఒక సమావేశం పెడితే అందులో ప్రసంగించాడు. తర్వాత బూజు తెగులు, పురుగు కలిసి ఆయన తోటని ఊడ్చేశాయి. ఆయన పెంచిన రకాల్లో ‘మాగ్నెట్’, ‘మెర్లిన్’ లాంటి కొన్ని మాత్రం ఇవాళ్టికీ తోటల్లో పూస్తున్నాయి.

ఇప్పుడు అసలు విషయం. అదే ఇంగ్లండ్‌లో ఏ గార్డెన్ సెంటర్‌కి వెళ్ళినా నాలుగైదు పౌండ్లకి గుప్పెడు దుంపల ప్యాకెట్ వస్తుంది. దాని మీద ఎవరూ జోకులు వెయ్యరు. అంత చవగ్గా ఎలా వచ్చిందని ఎవరూ అడగరు కూడా. 1980లలో టర్కీలోని టారస్ కొండల్లో పల్లెజనం వీటిని లక్షల్లో, కోట్లలో తవ్వి అమ్మారు. కొండలు ఖాళీ అవుతున్నాయని గోల పుట్టాకే 1990లో స్నోడ్రాప్ జాతి మొత్తం సైటీస్ ఒప్పందం రెండో జాబితాలోకి వచ్చింది. మన శేషాచలం ఎర్రచందనం ఉన్నదీ ఆ జాబితాలోనే. ఆ తర్వాత జార్జియా నుంచి ‘వొరొనోవియై’ అనే జాతిని ఏడాదికి కోటీ యాభై లక్షల దుంపల దాకా ఎగుమతి చెయ్యడానికి కోటా పెట్టారు. వాటిలో పొలాల్లో పెరిగేవీ ఉన్నాయి, అడవిలో తవ్వేవీ ఉన్నాయి. వ్యాపారం హాలెండ్ మీదుగా నడుస్తుంది కాబట్టి, తవ్విన ఊరి పేరు ప్యాకెట్ దాకా రావడం అరుదు.

పెద్దవి తీసుకుని చిన్నవి మళ్ళీ నాటితే అడవికి నష్టం లేదు, పేదలకి నాలుగు రాళ్ళు వస్తాయి కదా అంటారు. నిజమే, నేనూ ఒప్పుకుంటాను. అలాగైతే ఆ మాట ప్యాకెట్ మీద రాయడానికి అడ్డేమిటి? ఎక్కడ తవ్వారు, పొలమా అడవా, తవ్వినవాళ్ళకి ఎంత ముట్టింది? ఎర్రచందనం విషయంలోనూ మనకి దొంగల కథ నచ్చినంతగా కూలీ లెక్క నచ్చదు. సినిమా కూడా దొంగ మీదే తీస్తాం.

సేకర్తల మీద నాకు కోపం లేకపోలేదు. ఏ చర్చి ఆవరణలో ఏ కొత్త రకం దొరికిందో, రేకు మీద ఆకుపచ్చ చుక్క ఎటు వంగిందో పేజీలు పేజీలు రాస్తారు. అదే పువ్వు సొంత కొండల గురించి వాళ్ళు రాసేది తక్కువ. 1874లో స్మిర్నా దగ్గర హెన్రీ ఎల్వెస్ చూసిన జాతికి ఆయన పేరే పెట్టి ‘ఎల్వెసియై’ అన్నారు. అక్కడివాళ్ళు టర్కిష్‌లో ఈ పువ్వుని ‘కార్దెలెన్’ అంటారు, మంచుని తొలుచుకుని వచ్చేది అని. (మన అనువాదాల్లో వచ్చే ‘మంచు బిందువు’ కన్నా ఎంత బాగుందో!)

ఇంకొకటి. ‘పన్యూతినియై’ అనే జాతిని 2012లోనే కొత్తగా గుర్తించారు. తెలిసిన కొద్ది చోట్లలో ఒకటి సోచీలో 2014 శీతాకాల ఒలింపిక్స్ కట్టడాల కింద పోయింది. దానికి ఏ వేలంపాటా అక్కర్లేకపోయింది.

వచ్చే ఫిబ్రవరిలో రికార్డు ధర వార్త మళ్ళీ వస్తుంది. రాసే విలేకరి అదే పేజీలో గార్డెన్ సెంటర్ ప్యాకెట్ ఫొటో కూడా వేసి, దాని ధర పక్కన అడ్జారా కొండల్లో తవ్వినవాళ్ళకి దుంపకి ఎంతిచ్చారో కనుక్కుని రాయాలి. అది చదివాక కూడా 1,850 పౌండ్లకే నవ్వొస్తే అప్పుడు నవ్వుకుందాం.