వీణకూ మిక్సర్‌కూ మధ్య ఒక చిన్న పెట్టె

ఈ శీర్షికలో నేను ఏటేటా ఏదో ఒక వైరు గొడవో, సోల్డరింగ్ ఐరన్ గొడవో వ్రాస్తూనే వున్నాను. సగంమంది పేజీ తిప్పేసి వంటల శీర్షికకు వెళ్ళిపోతారని మా ఆవిడ అంటుంది. ఈసారి తిప్పకండి. ఇది వీణ కబురు.

2024 ఉగాదికి మన గ్వెల్ఫ్ సభలో ఒక పెద్దావిడ వీణ వాయించారు. నేను ఆవిడను అక్కయ్యగారూ అని పిలుస్తాను. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసకర్రతో చేసిన వీణ అది. మైకు పెడితే హాల్లోని కబుర్లన్నీ అందులోకే వస్తాయని, వీణకు ఒక పీజో బిళ్ళ అతికించి, దాని వైరును తిన్నగా మిక్సర్‌లో గుచ్చాను. వినపడింది వీణ కాదు, రేకు మీద మేకుతో గీసిన చప్పుడు. "ఇది బాంజోనా?" అని ముందు వరుసలో ఒక పిల్లవాడు అడిగాడు. ఆవిడకు వినపడింది. "ఇక నేను ఇంట్లోనే వాయించుకుంటాలే తమ్ముడూ" అన్నారు, వీణను గలేబులో పెడుతూ. తప్పు ఆవిడ చేతిది కాదు, వీణది కాదు. నాది.

కారణం చెపుతాను. పీజో బిళ్ళ అంటే ఒక చిన్న కెపాసిటర్ లాంటిది. నా బిళ్ళ పదిహేను నానోఫారడ్లు. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ సుమారు పది కిలోమ్‌లు. ఈ రెండూ కలిస్తే సుమారు వెయ్యి హెర్ట్జ్ కంటే క్రిందివన్నీ సన్నగిల్లిపోతాయి. ఆవిడ శ్రుతిలో మంద్ర, అనుమంద్ర తీగలు మీటితే వచ్చే స్వరం వంద హెర్ట్జ్ లోపలే. ఈమని శంకరశాస్త్రిగారి వీణ, చిట్టిబాబుగారి వీణ రేడియోలో వింటూ పెరిగిన వాళ్ళకు ఆ తీగలు పోతే ఏం పోయిందో నేను చెప్పనక్కరలేదు.

దీనికి మందు బఫర్. వోల్టేజిని పెంచదు, తగ్గించదు. బిళ్ళ మీద బరువు పడకుండా తను వింటుంది, విన్నదాన్నే బలంగా మిక్సర్‌కు అందిస్తుంది. ఇన్‌పుట్ దగ్గర పది కిలోమ్‌లకు బదులు ఒక మెగోమ్ రెసిస్టర్ పెడితే ఆ వెయ్యి హెర్ట్జ్ గీత పది హెర్ట్జ్‌కు దిగిపోతుంది. అంతే లెక్క.

ఇక సామాను. అసలు చిక్కు చిప్ దగ్గర వచ్చింది. ఆడియో పని అనగానే అందరూ ఎన్ఈ 5532 అంటారు. నా డబ్బాలోనూ అరడజను వున్నాయి. చప్పుడు తక్కువ, మంచి పేరున్న చిప్. కాని అది ఇన్‌పుట్ కాలు దగ్గర సుమారు రెండువందల నానోఆంపియర్ల కరెంటు లాగుతుంది. ఒక మెగోమ్ మీదుగా అంటే 0.2 వోల్టు ఊరికే అక్కడ కూర్చుంటుంది, పైగా కరెంటు వల్ల పుట్టే బుస కూడా. మామూలు ప్రీయాంప్‌లో రాజా లాంటి చిప్పే, ఇక్కడికి పనికిరాదు. ఫెట్ ఇన్‌పుట్ వున్న టీఎల్ 072 చవకది, ఈ పనికి అదే మేలు. ఇంకాస్త డబ్బు పెడితే ఓపీఏ 2134. నేను సాకెట్ పెట్టి రెండూ మార్చి మార్చి విన్నాను. వీణతో తేడా వుందని ఒట్టు పెట్టి చెప్పలేను. టీఎల్ 072 వుంచేశాను. ఇందులో రెండు ఆంప్లు వుంటాయి. వాడని రెండోదాన్ని గాలికి వదలకండి. దాన్నీ బఫర్‌గా కలిపి, ఇన్‌పుట్‌ను గ్రౌండ్ చెయ్యండి.

చాలామంది జేఫెట్‌తో కట్టమంటారు. తోషిబా 2ఎస్‌కే 170 పేరు విని నేనూ ఆశపడ్డాను. దాని తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు ఆ పేరుతో అమ్మేవాటిలో నకిలీలు ఎక్కువ.

రెసిస్టర్లు ఒక శాతం మెటల్ ఫిల్మ్. మెగోమ్‌ను మా మనవడే వెతికి పెట్టాడు: గోధుమరంగు, నలుపు, నలుపు, పసుపు, మళ్ళీ గోధుమరంగు. వాడికి తెలుగులో రంగుల పేర్లు అలా వచ్చాయి. అవుట్‌పుట్‌లో వంద ఓమ్‌లు తప్పనిసరి. లేకపోతే పొడుగు కేబుల్ తగిలినప్పుడు చిప్ తనలో తనే ఊగవచ్చు. ఆ తరువాత ఒక మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్. అదే విలువలో చిన్నగా దొరికే సిరామిక్‌ను శబ్దం నడిచే దారిలో పెట్టకండి. కొన్నిటిని వేలితో తడితే ఆ చప్పుడు స్పీకర్లో వినపడుతుంది. చిప్ కరెంటు కాళ్ళ దగ్గర 0.1 మైక్రోఫారడ్‌కు మాత్రం సిరామిక్కే సరి.

కరెంటుకు రెండు తొమ్మిది వోల్టుల బ్యాటరీలు. గోడ ఎడాప్టర్ పెడితే అరవై హెర్ట్జ్ హమ్ వచ్చే ప్రమాదముంది. ఇండియాలో అయితే యాభై. మనం ఖండం మారినా హమ్ మనల్ని వదలలేదు, స్వరం ఒకటే మారింది.

పెట్టె ఇనుపదో అల్యూమినియందో కావాలి, దాన్ని గ్రౌండ్ చెయ్యాలి. నేను వాడింది హామండ్ 1590 రకం. ఆ కంపెనీ మన గ్వెల్ఫ్‌దే, ఎడిన్‌బరో రోడ్డు మీద వుంది. హామండ్ ఆర్గన్ చేసినవాళ్ళు వేరు, అది చికాగో సంగతి. మిగిలిన సామానుకు ఒకప్పుడు టొరంటో క్వీన్ స్ట్రీట్‌లో గుమ్మం ముందు గొరిల్లా బొమ్మ వుండే ఏక్టివ్ సర్‌ప్లస్‌కు వెళ్ళి డబ్బాలు కెలికేవాణ్ణి. హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీ గుర్తుకొచ్చేది. ఆ కొట్టు మూతపడింది. ఇప్పుడు అంతా పార్సెలే.

ఫిబ్రవరిలో పెట్టె పట్టుకుని అక్కయ్యగారింటికి వెళ్ళాను. "జిగురు తగలనివ్వను" అన్నారు ముందే. మరక పడకుండా ఊడివచ్చే పుట్టీతో బిళ్ళ అంటించి, అడుగున్నర వైరుతో పెట్టెకు కలిపాను. అక్కడినుంచి మిక్సర్‌కు పాతిక అడుగుల కేబుల్. ఆవిడ అనుమంద్ర తీగ ఒక్కసారి మీటారు. మనవడు సోఫా మీద చెయ్యి వేసి చూశాడు, అదురుతోందేమోనని.

ఆవిడ నాతో ఏమీ అనలేదు. మళ్ళీ మీటారు. "తమ్ముడూ, మూడో తీగ శ్రుతి దిగిపోయింది. ఇప్పుడు తెలుస్తోంది" అని బిరడా తిప్పడం మొదలుపెట్టారు.

కార్యక్రమాల పట్టికలో అయిదో అంశం చూడండి. రెండు కొత్త బ్యాటరీలు నా జేబులో వుంటాయి.