తల్లి ఉండగానే అనాథలన్నారు

పేదింటి బిడ్డను అనాథను చేయాలంటే తల్లిదండ్రులు చనిపోనక్కర్లేదు. రిజిస్టరులో అలా రాస్తే చాలు. బ్రిటన్ నుంచి కెనడా పొలాలకు పంపిన పిల్లల చరిత్ర మనం చదవాల్సింది ఇందుకే.

1869లో మరియా రై, మరుసటి ఏడాది ఆనీ మాక్‌ఫర్సన్ బ్రిటన్ పేద పిల్లలను ఓడ ఎక్కించి కెనడాకు తీసుకుపోయారు. 1948 దాకా అలా వెళ్ళిన పిల్లలు లక్షకు పైగానే. డాక్టర్ బర్నార్డో పెట్టిన సంస్థ ఒక్కటే సుమారు 30 వేల మందిని పంపింది. వీళ్ళను అనాథలన్నారు. కానీ చాలామందికి తల్లో తండ్రో ఉన్నారు. కూలి దొరక్క, జబ్బు చేసి, భర్త పోయి, కొన్నాళ్ళు చూసుకోమని హోమ్‌లో వదిలినవాళ్ళే ఎక్కువ. ఓడ వెళ్ళిపోయాక ఉత్తరం అందుకున్న తల్లులున్నారు. దీన్ని దయ అంటారా?

అక్కడికి చేరాక అన్నాచెల్లెళ్ళను విడదీశారు. మగపిల్లలకు పశువులు, కట్టెలు, దుక్కి. ఆడపిల్లలకు ఇంటి చాకిరి. బడికి పంపుతామన్న మాట పని లేని చలికాలానికే, అదీ రైతు మనసు మీదే. 1875లో బ్రిటిష్ అధికారి ఆండ్రూ డోయల్, పంపిన పిల్లలను తిరిగి చూసే నాథుడే లేడని నివేదిక ఇచ్చారు. దత్తత అంటే ఏమిటని అడిగితే, జీతం లేకుండా పని చేయించుకోవడమని ఆయనకు చెప్పింది ఒక చిన్నపిల్ల. మన డిప్లొమా పుస్తకాల్లో ఇంత సూటి నిర్వచనం నాకెక్కడా కనబడలేదు.

1895లో అంటారియోలో ఒక పొలంలో జార్జ్ గ్రీన్ అనే కుర్రవాడు చనిపోయాడు. ఒంటినిండా దెబ్బలు. యజమానురాలిపై కేసు నడిచింది, శిక్ష పడలేదు. పైగా ఇలాంటి రోగిష్టి పిల్లలను మా దేశానికి ఎందుకు పంపుతున్నారని పత్రికలు రాశాయి. దెబ్బలు తిన్నవాడిదే తప్పయింది!

మంచి ఇళ్ళు దొరికినవాళ్ళు లేరా అంటారు. ఉన్నారు. అది వాళ్ళ అదృష్టం. అదృష్టం మీద నడిచేదాన్ని సంక్షేమం అనకూడదు. 14 ఏళ్ళలోపు పిల్లలను తల్లిదండ్రులు లేకుండా రానివ్వకూడదని కెనడా నిర్ణయించింది 1925లో. బ్రిటన్ ప్రధాని క్షమాపణ చెప్పింది 2010లో. కెనడా పార్లమెంటు దిగువ సభ చెప్పింది 2017లో. అప్పటికి ఆ పిల్లల్లో ఎంతమంది బతికున్నారు?

ఇంకో సంగతి. ఆ పొలాలు అక్కడి ఆదివాసుల చేతుల్లోంచి పోయిన నేలలే. అదే కాలంలో అదే కెనడా ఆదివాసీ పిల్లలను తల్లుల దగ్గర్నుంచి లాక్కుని రెసిడెన్షియల్ స్కూళ్ళలో పెట్టింది. సగం పూట చదువు, సగం పూట చాకిరి. తమ భాష మాట్లాడితే శిక్ష. పేద తెల్లపిల్లకైనా, ఆదివాసీ పిల్లకైనా చెప్పిన మాట ఒకటే: మీ అమ్మానాన్నలకు పెంచడం రాదు, మేం బాగుచేస్తాం.

నేనూ హాస్టల్లో చదివినవాణ్ణే. సంత రోజున మా అమ్మ అడవి దారిన నడిచొచ్చి నన్ను చూసి పోయేది. పండక్కి ఇంటికెళ్ళేవాణ్ణి. కెనడా వెళ్ళిన పిల్లలకు ఆ దారే లేకుండా చేశారు.

ఉపాధ్యాయ మిత్రులారా, తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ! బిడ్డను బాగుచేస్తామని ఎవరొచ్చినా అడగండి: బిడ్డను అడిగారా? తల్లికి ముందే చెప్పారా? తిరిగొచ్చే దారుందా? జవాబు రాకపోతే సంతకం పెట్టకండి.